ఇనుము, త్రాసు, కంప్యూటర్

దివ్యఖుర్‌ఆన్‌లోని సబా సూరా 10, 11 ఆయతులు హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం)కు అల్లాహ్ ప్రసాదించిన ఒక ప్రత్యేక అనుగ్రహాన్ని ప్రస్తావిస్తాయి. ఆయన కోసం ఇనుము మెత్తబడింది. దానితో ఒంటినిండా కప్పే కవచాలు తయారు చేయాలని, వాటి వలయాల కూర్పులో సరైన కొలతను పాటించాలని ఆయనకు ఆదేశం అందింది. అంతకుముందు కవచాలు రేకులుగా ఉండేవని, వలయాలతో అల్లిన కవచాన్ని తొలిసారిగా తయారు చేసినవారు ఆయనేనని ఖతాదా (రహ్) చెప్పారు. మరి కొలతను పాటించడమంటే ఏమిటి? ఇబ్నె కసీర్ తన తఫ్సీర్‌లో ముజాహిద్ (రహ్) ఇచ్చిన వివరణను పేర్కొన్నారు. వలయాలను బిగించే మేకు మరీ సన్ననిదైతే వదులుగా కదులుతుంది, మరీ లావైతే వలయాన్నే చీల్చివేస్తుందని దాని భావం. మదర్సాలో ఈ సూరా బోధించేటప్పుడు విద్యార్థులు ఈ చోటును త్వరగా దాటి, హజ్రత్ సులైమాన్ (అ)కు వశమైన గాలి ప్రస్తావన దగ్గరికి పరుగెత్తుతారు. మేము మాత్రం ఇక్కడ కొంతసేపు ఆగుతాము. లేత్ మెషీన్ మీద పనిచేసే తండ్రుల పిల్లలు తరగతిలో ఉంటే ఇంకొంచెం ఎక్కువసేపు ఆగుతాము.

ఎందుకంటే మేకుకూ రంధ్రానికీ మధ్య ఉండవలసిన సందు ఎంత అన్న ప్రశ్న నేటికీ ప్రతి యంత్రశాలలో మొదటి ప్రశ్నే. 20 మిల్లీమీటర్ల రంధ్రంలో సాఫీగా తిరగవలసిన ఇరుసును తీసుకుందాం. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఒక ప్రమాణం ప్రకారం ఆ రంధ్రం 20.000 నుండి 20.021 మి.మీ. లోపల ఎంతైనా ఉండవచ్చు. ఇరుసు 19.980 నుండి 19.993 మి.మీ. లోపల ఎంతైనా ఉండవచ్చు. అంటే రెంటి నడుమ ఉండే సందు అతి తక్కువైతే 7 మైక్రాన్లు, అతి ఎక్కువైతే 41 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం సాధారణంగా 50 నుండి 100 మైక్రాన్ల దాకా ఉంటుంది. వెంట్రుక కన్నా సన్నని ఈ హద్దుకు 'టాలరెన్స్' అని పేరు.

ఇంటర్మీడియట్ పూర్తయిన పిల్లవాణ్ని మెకానికల్ ఇంజినీరింగులో చేర్పించవచ్చా, అది కాలం చెల్లిన విద్య కాదా అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. కంప్యూటర్‌లో యంత్రభాగాల బొమ్మలు గీయడం మూడు నెలల్లో నేర్పుతారట, అది చాలదా అని మరికొందరు అడుగుతారు. మేము ఇంజినీర్లము కాము. అయితే విశ్వవిద్యాలయాల్లో 'క్యాడ్', 'క్యామ్' అనే పేర్లతో, అంటే కంప్యూటర్ సహాయంతో రూపకల్పన, కంప్యూటర్ సహాయంతో తయారీ అనే పేర్లతో జరిగిన పరిశోధనను గురించి చదివిన కొద్దీ, ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఆ చరిత్రలోనే ఉన్నదని మాకు అర్థమయింది. ఆ పరిశోధన ప్రధానంగా తెర మీది బొమ్మలకు సంబంధించినది కాదు. ఒక వస్తువును గురించి పూర్తిగా, సందేహానికి తావులేకుండా, నిజం చెప్పడం ఎలాగన్నదే దాని అసలు విషయం.

ఆ చరిత్ర రెండవ ప్రపంచ యుద్ధానంతర అమెరికాలో మొదలవుతుంది. మిషిగన్ రాష్ట్రంలోని ట్రావర్స్ సిటీలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కలు తయారు చేసేవారు. ఆయనకు కళాశాల పట్టా లేదు. రెక్క వంపును లెక్కించడానికి ఆయన, ఆయన వద్ద పనిచేసిన ఫ్రాంక్ స్టులెన్ కలిసి, అప్పట్లో లెక్కల కార్యాలయాల్లో వాడే పంచ్ కార్డు యంత్రాన్ని ఉపయోగించారు. వంపు మీది బిందువుల కొలతలను ముందే లెక్కగట్టి, ఆ అంకెల ప్రకారం కోత పరికరాన్ని నడిపితే వంపు సరిగ్గా వస్తుందన్నది వారి ఆలోచన. అంకెలను చదివి యంత్రం తనంతట తానే కదిలితే ఇంకా మేలు కదా! ఈ పనికి అమెరికా వైమానిక దళం డబ్బు సమకూర్చింది. సహాయం కోసం పార్సన్స్ 1949లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎం.ఐ.టి.లోని సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాలను ఆశ్రయించారు.

1952 సెప్టెంబరులో ఆ ప్రయోగశాల, రంధ్రాలు పొడిచిన కాగితపు టేపును చదువుతూ లోహాన్ని కోసే మిల్లింగ్ మెషీన్‌ను ప్రదర్శించింది. దాన్ని నడిపించే నియంత్రణ వ్యవస్థలో వందలాది వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. నేడు మన ఊళ్లలో సి.ఎన్.సి. అని పిలుచుకునే యంత్రాలన్నింటికీ అదే పూర్వరూపం. పని విశ్వవిద్యాలయం చేతికి వెళ్లిన కొద్దికాలానికే ఆలోచన తెచ్చిన పార్సన్స్ పక్కకు తప్పుకోవలసి వచ్చింది. 1985లో మాత్రం ఆయనకూ స్టులెన్‌కూ అమెరికా జాతీయ సాంకేతిక పతకం లభించింది.

ఇక్కడ మరొక విషయాన్ని దాటవేయడం న్యాయం కాదని మా అభిప్రాయం. దాదాపు అదే కాలంలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో వేరొక పద్ధతిని ప్రయత్నించారు. నైపుణ్యం గల కార్మికుడు ఒక భాగాన్ని తన చేతులతో కోస్తుండగా యంత్రం కదలికలన్నీ టేపు మీద నమోదవుతాయి. తర్వాత ఆ టేపును తిప్పితే యంత్రం అవే కదలికలను మళ్లీ చేస్తుంది. ఇందులో విద్యకు మూలం కార్మికుడి చెయ్యి. అంకెల పద్ధతిలోనైతే విద్యకు మూలం కార్యాలయంలో కూర్చుని లెక్క వేసే వ్యక్తి. చివరకు రెండవదే నెగ్గింది. ఎందుకు నెగ్గింది? హెలికాప్టర్ రెక్క వంటి క్లిష్టమైన వంపులను చేతితో ఒక్కసారి కూడా సరిగ్గా కోయడం కష్టమన్నది ఒక కారణం. అయితే చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో వెలువరించిన గ్రంథంలో మరో కారణం చూపారు. కార్మికుడి మీద ఆధారపడవలసిన అవసరాన్ని తగ్గించుకుని, పనిపై పెత్తనాన్ని యాజమాన్యం తన చేతిలోకి తీసుకోవాలనుకోవడం కూడా ఈ ఎంపికకు దారితీసిందని ఆయన వాదించారు.

హజ్రత్ దావూద్ (అ) తన చేతి కష్టంతోనే భుజించేవారని హదీసులో వచ్చింది. చేతిపనికి అంతటి గౌరవమిచ్చిన ధర్మాన్ని అనుసరించేవారు నోబుల్ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. బాలానగర్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా ముప్పై ఏళ్లు లేత్ మీద నిలబడిన టర్నర్, శబ్దాన్ని బట్టి పరికరం పదును పోయిందని చెప్పగలడు. ఆ జ్ఞానం ఏ టేపులోనూ లేదు. అతని కుమారుడు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఆ జ్ఞానం అతనికి చేరుతుందా, లేక ఇంట్లోనే ఒక తరం విద్య అంతరిస్తుందా? ఈ ప్రశ్న దగ్గరికి మళ్లీ వద్దాం.

అంకెలతో యంత్రం నడుస్తున్నది సరే, ఆ అంకెలను వ్రాసేదెవరు? ఒక చిన్న భాగానికి కూడా వందల కదలికలు చేతితో లెక్కవేయాలి. ఈ బాధ తీర్చడానికి ఎం.ఐ.టి.లోనే డగ్లస్ రాస్ నాయకత్వంలో 'ఏ.పి.టి.' అనే భాష తయారయింది. ఫలానా గీత వెంబడి వెళ్లు, ఫలానా వృత్తానికి తాకుతూ తిరుగు అన్న రీతిలో వ్రాస్తే కంప్యూటరే కదలికలను లెక్కవేస్తుంది. 1959 ఫిబ్రవరిలో దీన్ని పత్రికలవారికి పరిచయం చేసినప్పుడు, ఆ పద్ధతిలో కోసిన అల్యూమినియం యాష్‌ట్రేలను వారికి కానుకగా ఇచ్చారు. సిగరెట్ బూడిదకు కాక మరో పనికి వచ్చే పాత్రను కోసి ఉంటే బాగుండేదని మాకు అనిపిస్తుంది గాని, ఆ రోజుల అలవాటు అది. 1963లో అదే సంస్థ విద్యార్థి ఐవాన్ సదర్లాండ్ తన పిహెచ్.డి. కోసం 'స్కెచ్‌ప్యాడ్' అనే ప్రోగ్రామును రూపొందించారు. వెలుగు కలంతో తెర మీద రెండు గీతలు వంకరటింకరగా గీసి, ఇవి సమాంతరంగా ఉండాలి అని చెబితే అవి సర్దుకుని సమాంతరమయ్యేవి. గీతను గీయడంతో ఆగక, ఆ గీత పాటించవలసిన షరతును కూడా కంప్యూటర్‌కు చెప్పవచ్చునని దీనితో తేలింది.

ఇక్కడి నుండి అసలు చిక్కు ఆరంభమవుతుంది. కాగితం మీద యంత్రభాగాన్ని గీసేటప్పుడు పైనుండి ఒక చిత్రం, ముందునుండి ఒకటి, పక్కనుండి ఒకటి వేస్తారు. అవి మూడు చదును బొమ్మలే. వాటిని చూసి మనసులో ఘనరూపాన్ని నిలబెట్టుకునేది చదివే మనిషి. గీసినవాడు ఒక గీత మరచిపోయినా, అనుభవం గల ఫిట్టర్ 'ఇక్కడ రంధ్రం ఉండాలి కదా' అని తానే సరిదిద్దుకుంటాడు. కంప్యూటర్‌కు ఆ సద్బుద్ధి లేదు. దానికి చెప్పినది మాత్రమే తెలుసు.

పాఠకులు ఇంట్లో పిల్లల చేత ఒక చిన్న పరీక్ష చేయించవచ్చు. అగ్గిపుల్లలతోనో, సన్నని తీగతోనో ఆరు వైపులూ సమానంగా ఉన్న పెట్టె చట్రాన్ని కట్టండి. దాని నడుమ అలాంటిదే చిన్న చట్రాన్ని నిలిపి, లోపలి ప్రతి మూలనూ బయటి మూలకు ఒక పుల్లతో కలపండి. ఇప్పుడు ఇది మధ్యలో తొలిచిన దిమ్మె అనుకుంటే, ఆ తొలుపు ముందునుండి వెనుకకు ఉందా? ఎడమనుండి కుడికి ఉందా? పైనుండి కిందికి ఉందా? మూడూ సాధ్యమే. మూడింటికీ చట్రం ఒకటే. 1960లలో కంప్యూటర్‌లో వస్తువులను దాచిన విధానం ఈ తీగచట్రం వంటిదే. గీతలున్నాయి, కాని ఎక్కడ లోహం ఉంది, ఎక్కడ ఖాళీ ఉంది అన్న సమాచారం లేదు. అలాంటి వివరణను యంత్రానికిచ్చి కోయమంటే, అది మూడింటిలో దేన్ని కోయాలి?

ఈ ప్రశ్నకు 1970ల మొదట్లో మూడు విశ్వవిద్యాలయాల్లో, ఒకరి పని మరొకరికి అంతగా తెలియకుండానే, సమాధానం వెదికారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో చార్లెస్ లాంగ్ నడిపిన బృందంలో ఇయాన్ బ్రెయిడ్ అనే పరిశోధక విద్యార్థి, జపానులోని హొక్కాయిడో విశ్వవిద్యాలయంలో నోరియో ఒకినో, అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ వోల్కర్, ఆయనతోపాటు అరిస్టైడిస్ రెకీషా. 1973లో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో జరిగిన ఒక సదస్సులో కేంబ్రిడ్జి, హొక్కాయిడో పరిశోధకులు తమ తమ పద్ధతులను వెల్లడించారు. రోచెస్టర్ బృందం 1972లో మొదలై, ప్రోగ్రాము వ్రాయడం కంటే ముందు దాని వెనుక ఉండవలసిన గణితాన్ని స్థిరపరచడానికి ఎక్కువ శ్రమపడింది.

కేంబ్రిడ్జి మార్గాన్ని దర్జీ పనితో పోల్చవచ్చు. వస్తువును దాని పైతొడుగుతో వర్ణించడం ఆ పద్ధతి. ఏయే ముఖాలున్నాయి, ఏ ముఖం ఏ అంచు వద్ద దేనితో కలుస్తుంది, ఏ అంచులు ఏ మూల వద్ద చేరుతాయి అన్నదంతా నమోదు చేస్తారు. తొడుగులో ఎక్కడా కుట్టు విడిపోకూడదు. నీరు పోస్తే ఒక్క చుక్కైనా కారకూడదు. అప్పుడే లోపల ఏది, బయట ఏది అన్నది తేలుతుంది. దీన్ని సరిచూడడానికి 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ ఇచ్చిన లెక్క ఒకటి ఉపయోగపడింది. పెట్టెకు మూలలు 8, అంచులు 12, ముఖాలు 6. మూలల్లోంచి అంచులను తీసివేసి ముఖాలను కలిపితే 2 వస్తుంది. ఇటుకకైనా, పిరమిడ్ ఆకారానికైనా, ఒక మూల నరికేసిన పెట్టెకైనా ఆ 2 మారదు. ఆరుపారు రంధ్రమున్న వస్తువుకు లెక్క కొంత మారుతుంది గాని దానికీ నియమముంది. వర్ణన తప్పితే లెక్క తప్పుతుంది. అయితే లెక్క కుదిరినంత మాత్రాన వర్ణన సరైనదని కాదు. హదీసు విద్యార్థులకు ఈ తరహా జాగ్రత్త కొత్త కాదు. ఉల్లేఖకుల గొలుసు ఎక్కడా తెగలేదని తేలిన తర్వాత కూడా ముహద్దిసులు విషయాన్ని వేరుగా పరిశీలిస్తారు.

రోచెస్టర్ మార్గం వేరు. ఒక దిమ్మె తీసుకో, అందులోంచి ఒక స్తంభాకారాన్ని తీసివేయి, పక్కన మరో దిమ్మెను కలుపు. ఇలా సులభమైన ఆకారాలను కలపడం, తీసివేయడం, రెంటికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని మాత్రం ఉంచడం అనే మూడు క్రియలతో వస్తువును చెబుతారు. చదవడానికి తేలిక. కాని ఇందులోనూ ఒక గోతి ఉంది. రెండు ఇటుకలను ఒకదానికొకటి ఆనించి పెట్టి, వీటి ఉమ్మడి భాగమేది అని అడిగితే, మామూలు గణితం 'అవి తాకుతున్న ముఖం' అని చెబుతుంది. ఆ ముఖానికి వైశాల్యముంది గాని మందం లేదు. మందం లేని రేకును ఏ కొలిమిలో తయారు చేస్తారు? అలాంటి అసత్తును వదిలివేసి, నిజంగా పదార్థంగా ఉండగలిగినదాన్నే ఫలితంగా ఇచ్చేలా ఆ మూడు క్రియలకు రెకీషా బృందం కొత్త నిర్వచనాలు ఇచ్చింది. నేటి యువకుడు తెర మీద ఒక మీట నొక్కి దిమ్మెలోంచి రంధ్రాన్ని తీసివేసేటప్పుడు, ఆ మీట వెనుక ఈ శ్రమ ఉంది.

దీనివల్ల తయారీలో కలిగిన మేలు చెప్పుకోదగినది. లోహం మీద కోత పరికరం కదిలిన దారి మొత్తం కూడా ఒక ఘనరూపమే కదా! ముడి దిమ్మెలోంచి ఆ రూపాన్ని కంప్యూటర్‌లోనే తీసివేసి చూస్తే, చివరికి మిగిలేది మనకు కావలసిన భాగమేనా, లేక పరికరం మధ్యలో బిగింపునే కోసివేస్తుందా అన్నది ముందే తెలిసిపోతుంది. రోచెస్టర్‌లో దీన్ని పరిశోధించారు. కేంబ్రిడ్జిలో అలన్ గ్రేయర్ అనే పరిశోధకుడు, ఘనరూపాన్ని చూసి మిల్లింగ్ మెషీన్ నడవవలసిన దారిని కంప్యూటరే కనుగొనే పద్ధతి మీద పనిచేశారు. లాంగ్, బ్రెయిడ్, గ్రేయర్ మరొక మిత్రునితో కలిసి 1974లో షేప్ డేటా అనే చిన్న కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ 1978లో 'రోములస్'ను, 1980ల చివరలో 'పారాసాలిడ్'ను వెలువరించింది. నేడు మన పిల్లలు నేర్చుకునే సాలిడ్‌వర్క్స్, సీమెన్స్ ఎన్.ఎక్స్. లోపల ఘనరూపాల లెక్కలు చేసేది ఈ పారాసాలిడే. అటు రోచెస్టర్ బృందం 'ప్యాడిల్' అనే తన ప్రోగ్రామును ఇతర విశ్వవిద్యాలయాలకు, పరిశ్రమలకు అందించి, తన గణితాన్ని వ్యాసాలుగా ప్రచురించింది.

ఒకరు చేసినదాన్ని మరొకరు చేయగలిగేలా వ్రాసిపెట్టడం అనగానే మనకు అల్ జజరీ గుర్తుకు రావాలి. 1206లో దియార్‌బకర్‌లో, అర్తుఖీ పాలకుని కొలువులో ఉండి ఆయన యంత్రాల గ్రంథాన్ని పూర్తిచేశారు. 'రోబోలకు పితామహుడు ముస్లిమే' అని ఆయన పేరు మన వాట్సప్ సందేశాల్లో తరచూ తిరుగుతుంటుంది. మాకు ఆ గొప్పలు అంతగా రుచించవు. ఆయనలో మమ్మల్ని ఆకట్టుకున్నది వేరు. చక్రం ఒకవైపు బరువు తూగకుండా సమతూకం చేయడమెలాగో, చెక్క వంకర పోకుండా పొరలుగా అతికించడమెలాగో, తయారీకి ముందు నమూనాలు చేసి చూడడమెలాగో, నీరు పోయే రంధ్రాన్ని మళ్లీ మళ్లీ పరీక్షించి సరిచేయడమెలాగో ఆయన ఓపికగా వ్రాశారు. డోనాల్డ్ హిల్ ఆ గ్రంథాన్ని 1974లో ఆంగ్లంలోకి అనువదించారు. 1976లో లండన్‌లోని సైన్స్ మ్యూజియంలో ఆయన నీటి గడియారాన్ని, ఏడు వందల డెబ్బై ఏళ్ల తర్వాత, ఆ వ్రాత ఆధారంగానే మళ్లీ నిర్మించారు.

ఇక మేకు, వలయం సంగతికి వద్దాం. కేంబ్రిడ్జి, రోచెస్టర్ పద్ధతుల్లో వస్తువు రూపం నిర్దుష్టమయింది. అయితే కంప్యూటర్‌లోని ఇరుసు వ్యాసం 20 అంటే కచ్చితంగా 20. లోకంలో కచ్చితంగా 20 ఉన్న ఇరుసు ఒక్కటీ లేదు, ఉండదు. ఎంత మంచి యంత్రమైనా ఎంతో కొంత తప్పుతుంది. ఎంతవరకు తప్పితే వస్తువు ఇంకా పనికివస్తుంది? దీనికి డ్రాయింగ్‌లో గుర్తులున్నాయి గాని, ఆ గుర్తుల అర్థం అనుభవజ్ఞుల మాటల్లో, అలవాట్లలో ఉండేది. 1983లో రెకీషా దీనికి గణిత సిద్ధాంతం నిర్మించడానికి పూనుకున్నారు. ఆదర్శ రూపం చుట్టూ ఒక సన్నని పొరను ఊహించి, తయారైన వస్తువు ఉపరితలమంతా ఆ పొర లోపల ఇమిడితే అది అంగీకార్యమన్నది ఆయన మార్గం. విన్నప్పుడు ఇది చాలా సులభంగా తోస్తుంది. నిజానికి ఈ రంగంలో అత్యంత కఠినమైన సమస్యల్లో ఇదొకటి.

అదెంత కఠినమో ఐదేళ్లకే బయటపడింది. అప్పటికి పరిశ్రమల్లో, వస్తువు మీది బిందువులను తాకి కొలతలు తీసే కంప్యూటర్ యంత్రాలు వచ్చేశాయి. తీసిన బిందువుల నుండి వ్యాసమెంత, చదును ఎంత అన్నది ప్రోగ్రాము లెక్కవేస్తుంది. 1988లో అమెరికా పరిశ్రమల మధ్య ఒక హెచ్చరిక జారీ అయింది. అవే బిందువులను వేర్వేరు ప్రోగ్రాములకు ఇస్తే వేర్వేరు సమాధానాలు వస్తున్నాయన్నది దాని సారాంశం. ఒక త్రాసులో సరిపోయిన వస్తువు మరో త్రాసులో తప్పుతున్నదన్నమాట. ఎవరూ మోసం చేయలేదు. 'వ్యాసం' అన్న మాటకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం పెట్టుకున్నారు, అంతే. దీని తర్వాత విశ్వవిద్యాలయాలవారు, పరిశ్రమలవారు కలిసి కూర్చుని ఒక్కొక్క గుర్తుకు గణిత నిర్వచనం వ్రాశారు. 1994లో అది అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ప్రమాణంగా వెలువడింది.

హదీద్ సూరా 25వ ఆయతులో గ్రంథం, త్రాసు, ఇనుము మూడూ ఒకేచోట ప్రస్తావనకు వస్తాయి. తూకంలో తగ్గించేవారికి ఖుర్‌ఆన్‌లో ఒక సూరాయే ఉంది. కిరాణా కొట్టు తూకాన్ని గురించి మన ఉపన్యాసాల్లో చాలా వింటాము. బ్రేకులో, ఆసుపత్రి పరికరంలో, లిఫ్టు ఇరుసులో హద్దు దాటిన మైక్రాన్లను గురించి వినము. ఇరవై గ్రాముల పప్పు తగ్గితే ఇంటికి నష్టం; ఇరవై మైక్రాన్ల ఇనుము తప్పితే ఆ ఇంటి మనిషి తిరిగి రాకపోవచ్చు. కొలతలో ఒకే మాటకు ఒకే అర్థం ఉండేలా ఆరేళ్లు కూర్చుని వాదించుకున్నవారు చేసిన పని, మా దృష్టిలో, త్రాసును నిలబెట్టే పనే.

ఇమామ్ గజాలీ (రహ్) ఇహ్యా ఉలూముద్దీన్‌లో వైద్యం, గణితంతోపాటు వ్యవసాయం, నేత, కుట్టుపని వంటి వృత్తులను ఫర్జె కిఫాయాగా లెక్కించారు. అంటే సమాజంలో కొందరైనా నేర్చుకోకపోతే అందరూ బాధ్యులయ్యే విద్యలు. ఊళ్లో వైద్యుడు లేకపోయినా అందరూ ఒకే శాస్త్రం మీద ఎగబడుతున్నారని ఆయన తన కాలంవారిని మందలించారు. ఈనాడు మన ఇళ్లలో ఆ ఎగబాటు కంప్యూటర్ సైన్స్ మీద ఉంది. అందులో తప్పేమీ లేదు. కాని సీటు రాక మెకానికల్‌లో చేరిన పిల్లవాణ్ని ఓడిపోయినవాడిలా చూడడం తప్పు. పైన చెప్పిన పరిశోధకుల్లో కంప్యూటర్ ప్రయోగశాలలో కూర్చుని యంత్రభాగాల కోసం పనిచేసినవారున్నారు. ఈ రెండు విద్యల మధ్య గోడ మనం కట్టుకున్నదే. గణితం బాగా వచ్చిన ఆడపిల్లలకు కూడా ఈ రూపకల్పన పని అనుకూలమని మా నమ్మకం. అయితే ఆమెను వర్క్‌షాపు వాసన తగలకుండా నేర్పించే చదువులో చేర్పించవద్దు.

హైదరాబాదు బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వం 1968లో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహాయంతో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. పనిముట్లు, అచ్చుల రూపకల్పననూ తయారీనీ ఒకే ఆవరణలో నేర్పే సంస్థ అది. పదో తరగతి తర్వాత డిప్లొమాలో చేరదలచినవారు కూడా అక్కడి ప్రవేశ ప్రకటనలను గమనించవచ్చు. ఐ.టి.ఐ.లో టర్నర్, ఫిట్టర్ పని నేర్చుకుని, తర్వాత క్యాడ్ వైపు వెళ్లే దారి కూడా మంచిదే. అది నిదానమైన దారి గాని, చేతికి తెలిసినది తెరకు చేరే దారి అదే. ఇంట్లో తండ్రి లేత్ పనివాడైతే ఇంకా అదృష్టం. కుమారుడు తెర మీద గీసినదాన్ని తండ్రికి చూపి, 'అబ్బాజాన్, దీన్ని మీరైతే ఎక్కడ బిగించి కోస్తారు?' అని అడగాలి. బిగించడానికి చోటే లేని అందమైన భాగాలు గీసేవారు ఎక్కువయ్యారని యంత్రశాలలు నడిపేవారు మాతో వాపోతుంటారు.

మూడు నెలల కోర్సు చాలా అన్న ప్రశ్న మిగిలింది. మీట ఎక్కడుందో తెలుసుకోవడానికి మూడు నెలలు చాలు. దిమ్మెలోంచి రంధ్రాన్ని తీసివేయడం పది నిమిషాల్లో వస్తుంది. ఆ రంధ్రానికి 0.021 ఇవ్వాలా, 0.2 ఇవ్వాలా అన్నది ఆ కోర్సులో సాధారణంగా ఉండదు. అక్కర లేనిచోట సన్నని హద్దు ఇస్తే ఖర్చు పెరుగుతుంది, అవసరమైనచోట ఇవ్వకపోతే వస్తువు చెడుతుంది. ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు సంస్థలోకి వెళ్లి కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టనక్కర లేదు. ఇక్కడ మైక్రోమీటర్ ఎక్కడ ఉంది, దాన్ని పిల్లల చేతికి వారంలో ఎన్నిసార్లు ఇస్తారు అని అడగాలి. వీలైతే పిల్లవాణ్ని కూడా వెంట తీసుకువెళ్లి, అక్కడే ఒక మేకును కొలిచి చూపమనాలి.